యంత్రము మిగిలినచో విద్య మిగులునా?
ఎలక్ట్రానిక్సు చరిత్రయు, విశ్వవిద్యాలయ పత్రభాండాగారమును

రేడియో ముందు కూర్చుండి సంగీత కచేరీ వినునప్పుడు, గాయకుడు ఆ క్షణముననే స్టూడియోలో పాడుచున్నాడో, లేక ఎన్నడో పాడిన పాటను నేడు మనకు వినిపించుచున్నారో పోల్చుకొనుట శ్రోతకు సులభము కాదు. పూర్వము ఇట్లు కాదు. గ్రామఫోను రికార్డు వేసినచో ఆ గరగర శబ్దమే దాని గుట్టు బయటపెట్టెడిది. ఆ గరగరను తొలగించి, నిన్నటి గొంతును నేటి గొంతువలె వినిపించినది అయస్కాంత టేపు. రేడియో చరిత్రలో ఇంతటి మార్పు తెచ్చిన సాధనములు మిక్కిలి కొలది.

ఈ టేపు యంత్రములు నేడు వస్తుప్రదర్శనశాలలలో కనబడుచున్నవి. చూచువారు వాటి పెద్ద చక్రములను చూచి ఆశ్చర్యపడి ముందునకు సాగిపోవుదురు. కాని ఆ యంత్రమును ఎవరు, ఏ ఇబ్బందులు పడి, ఎన్నిమారులు విఫలులై నిర్మించిరో యంత్రము చెప్పదు. అది చెడిపోయినచో ఎట్లు బాగుచేయవలెనో కూడ చెప్పదు. ఆ సంగతులు కాగితములలో ఉండును; లేదా మనుష్యుల జ్ఞాపకములో ఉండును. కాగితములను చెదలు తినును, మనుష్యులు గతించుదురు. ఈ రెంటిని కాపాడు బాధ్యత ఎవరిది? కొన్ని దేశములలో విశ్వవిద్యాలయములు ఈ బాధ్యతను మీద వేసికొన్నవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమును, అచటికి చేరిన ఆంపెక్స్ కంపెనీ పత్రములను ఉదాహరణముగా తీసికొని, ఈ పని ఏమిటో, ఎందులకో మనవి చేయదలచితిమి.

మొదట టేపు కథ కొంత తెలిసికొనవలెను. పలుచని నాడామీద ఇనుప ఆక్సైడు పొడిని పూసి, దానిని ఒక విద్యుదయస్కాంతము ముందుగా నడిపించినచో, మైక్రోఫోను నుండి వచ్చు విద్యుత్తు హెచ్చుతగ్గులను బట్టి ఆ పొడి రేణువులు అయస్కాంతత్వమును పొందును. ఆ విద్యుదయస్కాంతమునే హెడ్డు అందురు. అదే నాడాను మరల హెడ్డు ముందుగా నడిపినప్పుడు ఆ అయస్కాంతత్వము తిరిగి విద్యుత్తుగా మారి, స్పీకరులో ధ్వనియై వినవచ్చును. ఫ్రిట్జ్ ఫ్లాయ్మర్ అను నతడు 1928లో జర్మనీలో కాగితపు నాడాకు ఇట్టి పూత పూయు పద్ధతిని కనుగొనెను. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున మాగ్నెటోఫోను అను యంత్రమును ప్రజలకు చూపిరి. అయినను దాని ధ్వని అంత మేలైనది కాదు. 1940లో జర్మను రేడియో సంస్థలోని వాల్టర్ వెబర్, చెవికి వినబడని మిక్కిలి హెచ్చు పౌనఃపున్యముగల విద్యుత్తును ధ్వని విద్యుత్తుతో కలిపి హెడ్డుకు పంపినచో, టేపు యొక్క రొద అణగి, ధ్వని స్వచ్ఛమగునని గ్రహించెను. టేపు నిజముగా రేడియోకు పనికివచ్చినది అప్పటి నుండియే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1945లో జాక్ మల్లిన్ అను అమెరికా సైన్యపు ఇంజనీరు, జర్మనీలోని బాడ్ నౌహైం అను ఊరిలో ఒక రేడియో స్టూడియోకు వెళ్లి ఈ యంత్రమును వినెను. రెండు మాగ్నెటోఫోనులను విడివిడి భాగములుగా విప్పి, 50 చుట్టల టేపుతో సహా, చిన్న చిన్న పొట్లములుగా తపాలాలో స్వదేశమునకు పంపుకొనెను. 1946 మే 16వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున రేడియో ఇంజనీర్ల సభలో వాటిని వినిపించెను.

ఆ నగరమునకు సమీపమున శాన్ కార్లోస్ అను ఊరిలో, 1944లో ఒక చిన్న కంపెనీ వెలసియుండెను. దాని స్థాపకుడు అలెగ్జాండర్ మత్వేయవిచ్ పోన్యటాఫ్, రష్యాలో పుట్టి 1927లో అమెరికా చేరిన ఇంజనీరు. తన పేరులోని మూడు ప్రథమాక్షరములకు శ్రేష్ఠత అను అర్థముగల ఆంగ్లపదములోని మొదటి అక్షరములను చేర్చి కంపెనీకి ఆంపెక్స్ అని పేరు పెట్టెను. యుద్ధకాలమున రాడారు యంత్రములకు మోటార్లు చేయుచుండిన ఈ కంపెనీకి, యుద్ధము ముగియగానే పని లేకపోయెను. కొత్త వస్తువు కొరకు వెదకుచుండగా మల్లిన్ చూపిన టేపు యంత్రము వారి దృష్టికి వచ్చెను. అదే సమయమున బింగ్ క్రాస్బీ అను సుప్రసిద్ధ గాయకునికి ఒక చిక్కు ఉండెను. అమెరికా తూర్పు తీరమునకును పశ్చిమ తీరమునకును మూడు గంటల కాలభేదము కలదు. కావున ఒకే కార్యక్రమమును ఒకే సాయంకాలము రెండుమారులు పాడవలసివచ్చెడిది. రికార్డులపై ముద్రించి ప్రసారము చేసినచో ధ్వని చెడుచుండెను. క్రాస్బీ మల్లిన్‌ను పిలిపించుకొని, 1947 అక్టోబరు నుండి తన కార్యక్రమమును టేపుమీద ముద్రించి ప్రసారము చేయించెను. 1948లో ఆంపెక్స్ వారి మొదటి టేపు రికార్డరు, మోడలు 200, రేడియో స్టేషనులలో ప్రవేశించెను. కచేరీని ముందుగనే ముద్రించుకొని, తప్పులను కత్తిరించి, అతికించి, కోరిన వేళకు ప్రసారము చేయుట ఇట్లు సాధ్యమాయెను.

ఇంతవరకు చెప్పినది విజయముల కథ. అటుపిమ్మటి ఘట్టములో మనము వైఫల్యముల విలువను చూడగలము.

ధ్వనిని ముద్రించినట్లే టెలివిజను చిత్రమును కూడ టేపుమీద ముద్రింపవలెనని ఇంజనీర్లు తలపెట్టిరి. ఇందు ఒక పెద్ద చిక్కు కలదు. ధ్వని ఆవృత్తులు సెకనుకు పదునైదు, ఇరువది వేలను మించవు. చిత్రమునకు నలుబది లక్షల వరకు కావలెను. ఆవృత్తులు పెరిగినకొలది టేపు హెడ్డు ముందు అంత వేగముగా పరుగిడవలెను. సెకనుకు 1,500 అంగుళముల వేగముతో టేపును నడిపినచో, ఒక గంట కార్యక్రమమునకు దాదాపు 137 కిలోమీటర్ల టేపు పట్టునని లెక్క కట్టవచ్చును. అట్టి టేపు చుట్టను ఎవరు ఎత్తగలరు?

1952లో చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున ఆంపెక్స్ వారు ఈ సమస్యను చేపట్టిరి. కళాశాల విద్యార్థియైన రే డాల్బీ కూడ వారిలో ఒకడు. తరువాతి కాలమున టేపు రొదను తగ్గించు పద్ధతితో లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే. వారి ఉపాయము, టేపును మెల్లగా నడిపి, హెడ్డును వేగముగా త్రిప్పుట. మొదట ఒక చక్రమునకు మూడు హెడ్లను అమర్చి, అవి టేపుమీద విల్లువంటి వంపు గీతలను గీయునట్లు చేసిరి. చిత్రము వచ్చెను గాని గుర్తుపట్టుట కష్టముగా నుండెను. నాలుగు హెడ్లు పెట్టి చూచిరి. 1953లో కంపెనీ పనిని నిలిపివేసెను. 1954 ఆగస్టులో మరల మొదలుపెట్టిరి. వంపు గీతలను విడిచి, టేపు వెడల్పునకు అడ్డముగా నిలువు గీతలను గీయు పద్ధతిని అవలంబించిరి. చార్లెస్ ఆండర్సన్, చిత్ర విద్యుత్తును నేరుగా టేపున కెక్కించుటకు బదులు పౌనఃపున్యపు మార్పులుగా మార్చి ఎక్కించు ఉపాయమును కనిపెట్టెను. తుదకు రెండు అంగుళముల వెడల్పుగల టేపు సెకనుకు 15 అంగుళములు మాత్రమే నడచుచుండగా, నాలుగు హెడ్ల చక్రము నిమిషమునకు 14,400 మారులు తిరుగు యంత్రము సిద్ధమాయెను. 1956 ఏప్రిల్ 14వ తేదీన చికాగో నగరములో ప్రసార సంస్థల మహాసభ సందర్భమున దానిని ప్రదర్శించిరి. ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన ఒక వార్తా కార్యక్రమము మొట్టమొదటిసారిగా టేపునుండి టెలివిజనులో ప్రసారమాయెను.

ఇప్పుడు ఆలోచింపుడు. అమ్మకమునకు వచ్చిన యంత్రమును మాత్రమే చూచినవానికి నాలుగు హెడ్లు కనబడును. మూడు హెడ్లు ఏల పనికిరాలేదో, వంపు గీతలను ఏల విడిచిరో, ఏడాదికి పైగా పని ఏల ఆగెనో కనబడదు. ఆ జవాబులు ఇంజనీర్ల నోటుపుస్తకములలోను, కార్యాలయపు ఉత్తరములలోను, వారు అనంతరము చెప్పిన మాటలలోను ఉండును. కొత్తగా పరిశోధన చేయువారికి ఈ వైఫల్యముల వివరములే ఎక్కువ ఉపకరించును. ఒకరు పడిన గోతిలో మరియొకరు పడకుండుటకు ఆ గోయి ఎక్కడ ఉన్నదో తెలియవలెను గదా.

మరి ఈ పత్రములను కంపెనీయే దాచుకొనవచ్చునే అని శ్రోతలు అడుగవచ్చును. కంపెనీ యొక్క ప్రయోజనము వ్యాపారము. ఒక యంత్రపు అమ్మకము నిలిచిపోయి, దాని పేటెంటు గడువు తీరిన తరువాత ఆ నోటుపుస్తకములు కంపెనీకి బీరువాలోని బరువే. కంపెనీ చేతులు మారును. కార్యాలయము ఒక ఊరినుండి మరియొక ఊరికి మారును. అద్దె తగ్గించుకొనుటకై గదులు ఖాళీ చేయుదురు. ప్రతి మార్పులోను కొన్ని పెట్టెలు చెత్తబండి కెక్కును. ఇందు ఎవరి ద్రోహమును లేదు. కాపాడవలసిన పని ఎవరికిని అప్పగింపబడక పోవుటయే కారణము.

ఆంపెక్స్ విషయమున అదృష్టవశమున వేరుగా జరిగెను. కంపెనీవారు రెడ్‌వుడ్ సిటీలో అయస్కాంత ముద్రణ చరిత్రకు ఒక వస్తుప్రదర్శనశాలను నెలకొల్పి, పాత యంత్రములను, పత్రములను ప్రోగుచేసిరి. అది మూతపడిన తరువాత ఆ పత్రసంచయము 2001లో సమీపముననే యున్న స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరెను. కంపెనీ కాగితములు, ఛాయాచిత్రములు, యంత్రములను వివరించు మాన్యువలులు, టేపులు మొదలగునవి అందు కలవు. ఆ విశ్వవిద్యాలయమున 1958లోనే ముద్రిత ధ్వనులకు ప్రత్యేకముగా ఒక భాండాగారమును స్థాపించియుండిరి. కావున ధ్వనియు, ధ్వనిని ముద్రించిన విద్య యొక్క చరిత్రయు ఒకే ప్రాంగణమునకు చేరినవి.

ఇట్టి పని అక్కడ ఆంపెక్స్‌తో మొదలుకాలేదు, ముగియనూ లేదు. 1997లో ఆపిల్ కంప్యూటరు కంపెనీ తన చరిత్రకు సంబంధించిన సంచయమును స్టాన్‌ఫర్డుకే అప్పగించెను. కంప్యూటరు శాస్త్రాచార్యుడైన జాన్ మెకార్తీ పత్రములును అచ్చటనే కలవు. ఈ మెకార్తీ వద్దనే మన తెలుగువారు, నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డి గారు, 1966లో డాక్టరేటు పట్టము పొందిరి. మనుష్యుని మాటను యంత్రము గుర్తించునట్లు చేయుటలో వారు చేసిన కృషి లోకవిదితము. 1994లో ట్యూరింగ్ పురస్కారము వారిని వరించినది. ఇట్టి చరిత్రలో మనవారి పాలు కూడ ఉన్నదని గుర్తుంచుకొనవలెను. మరియొక విశ్వవిద్యాలయమైన మిన్నెసోటాలో చార్లెస్ బాబేజ్ ఇన్‌స్టిట్యూటు కలదు. 1978లో స్థాపితమై 1980 నుండి ఆ విశ్వవిద్యాలయమున నున్న ఈ సంస్థ, కంప్యూటరు కంపెనీల పత్రములను భద్రపరచుటయే గాక, ఆ విద్యలో పనిచేసినవారితో సంభాషణలు జరిపి వారి మాటలను ముద్రించి యుంచుచున్నది.

పత్రభాండాగారములో జరుగు పని ఎట్టిది? ఒక కంపెనీ నుండి వందలకొలది పెట్టెలు వచ్చి దిగినప్పుడు, తెలియనివారు తమ ఇష్టానుసారము విషయములవారీగా వాటిని సర్దబోవుదురు. భాండాగారికుడు అట్లు చేయడు. వాడినవారు ఏ వరుసలో ఉంచుకొనిరో సాధ్యమైనంతవరకు ఆ వరుసనే నిలుపును. ఒక ఉత్తరము ప్రక్కన మరియొక ఉత్తరము ఏల ఉన్నదనునదియు ఒక సాక్ష్యమే. పిమ్మట తుప్పుపట్టు గుండుసూదులను, పట్టీలను తీసివేసి, ఆమ్లము లేని అట్టపెట్టెలలో కాగితములను అమర్చును. ఏ పెట్టెలో, ఏ సంచిలో, ఏ సంవత్సరపు ఏ కాగితములు కలవో తెలుపు వివరపట్టికను వ్రాయును. ఈ పట్టిక లేనిచో ఎంతటి నిధియైనను పాతిపెట్టిన బిందెతో సమానమే. గది వేడిని, తేమను అదుపులో నుంచుట, టేపులను కొత్త సాధనముల మీదికి ప్రతి తీయుట, ఛాయాచిత్రములో నున్నవారెవరో బ్రతికియున్నవారిని అడిగి వ్రాసికొనుట, ఇవన్నియు నిత్యకృత్యములు. అన్నిటిని దాచుట సాధ్యము కాదు గనుక, ఏవి దాచవలెనో, ఏవి విడువవలెనో నిర్ణయించుటయు ఇందొక కష్టమైన భాగము. ఒకే జాబితాకు పది నకళ్లున్నచో ఒకటి చాలును; ఒకే ఒక ప్రతిగా నున్న నోటుపుస్తకము పోయినచో మరల రాదు.

ఇంత శ్రమ ఎందులకు, పాత యంత్రములతో నేడు పనియేమి అను ప్రశ్నకు రెండు ఉదాహరణములు జవాబు చెప్పగలవు.

మొదటిది 1966, 1967 సంవత్సరములలో అమెరికా పంపిన లూనార్ ఆర్బిటర్ వ్యోమనౌకల సంగతి. అవి అయిదు. చంద్రుని చుట్టు తిరిగి ఛాయాచిత్రములను భూమికి పంపగా, ఆ సంకేతములను ఇచట టేపులమీద ముద్రించిరి. 1966 ఆగస్టు 23వ తేదీన చంద్రుని అంచుమీదుగా భూగోళము కనబడుచున్న చిత్రము వాటిలో నొకటి. సుమారు 1,500 టేపులు మిగిలినవి. కాని వాటిని చదువగల యంత్రము, ఆంపెక్స్ వారి ఎఫ్‌ఆర్-900, లోకములో దాదాపు మాయమైపోయినది. నాన్సీ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞురాలు టేపులను పారవేయనీయక కాపాడి, నాలుగు యంత్రములను సంపాదించి, తన ఇంటి గారేజిలో ఏండ్ల తరబడి దాచిరి. తరువాత డెన్నిస్ వింగో, కీత్ కవింగ్ అనువారు పూనుకొని, స్టాన్‌ఫర్డుకు అట్టే దూరము లేని ఏమ్స్ పరిశోధన కేంద్రములో, మూతబడిన ఒక ఫలహారశాల భవనమున ఆ యంత్రములను నిలిపి పనిచేయించిరి. ఇందుకు పాత మాన్యువలులును, ఉద్యోగము విరమించిన ఇంజనీర్ల అనుభవమును కావలసివచ్చెను. 2008 నవంబరులో ఆ భూగోళపు చిత్రము, 1966లో లోకము చూచిన దానికంటె ఎంతో స్పష్టముగా మరల వెలువడెను. టేపు, యంత్రము, కాగితము, మనుష్యుడు అను నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ చిత్రము మనకు దక్కెడిది కాదు.

రెండవది ఇంత సంతోషకరము కాదు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై కాలు మోపినప్పుడు అచటినుండి వచ్చిన మూల సంకేతములను కూడ టేపులమీద ముద్రించిరి. అవి టెలివిజనులో లోకమంతయు చూచిన చిత్రముకంటె మేలైనవి. చాలకాలము వెదకిన పిమ్మట, టేపుల కొరత కాలమున వాటిని తుడిచివేసి మరల వాడియుందురని 2009లో నాసా సంస్థ తేల్చెను. ప్రసారమైన చిత్రములు మిగిలినవి, మూలము మిగులలేదు. చంద్రయాత్ర చేయించిన సంస్థకే ఇట్లు జరిగినప్పుడు, చిన్న సంస్థల మాట చెప్పనేల?

టేపునకు మరియొక రోగము కూడ కలదు. పొడిని నాడాకు అంటించు జిగురు కొన్ని రకముల టేపులలో, ముఖ్యముగా 1970 తరువాత తయారైన వాటిలో, గాలిలోని తేమను పీల్చి బంకగా మారును. అట్టి టేపును యంత్రములో వేసి నడిపినచో హెడ్డుకు అంటుకొని పూత ఊడివచ్చును. దానిని సుమారు 54 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కొన్ని గంటలపాటు ఆరబెట్టినచో కొంతకాలము బాగుపడును. ఆలోగా ప్రతి తీసికొనవలెను. ఈ చికిత్సకు ఆంపెక్స్ వారే 1993లో పేటెంటు పొందిరి. అయితే ప్రతి టేపునకును ఇది తగదు. ఏ టేపు ఏ జిగురుతో చేసినదో తెలియకయే వేడిచేయుట అపాయము. అది తెలియవలెనన్నను తయారుచేసినవారి పత్రములే శరణ్యము. పాత గొంతులు దక్కుట పాత కాగితములపై ఆధారపడియున్నదని చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఈ విషయము దూరదేశపు విశ్వవిద్యాలయమునకే సంబంధించినదని మనము భావింపరాదు. రేడియో ఉన్న ఇంట ఎలక్ట్రానిక్సు చరిత్ర కొంతైనను ఉండును. తాతగారు కొన్న వాల్వు రేడియో అటకమీద ఉండవచ్చును. దాని వెనుక అట్టమీద అంటించిన సర్క్యూటు పటము, కొన్ననాటి రశీదు, తపాలా కార్యాలయములో రుసుము కట్టిన లైసెన్సు పుస్తకము కూడ ఒక పెట్టెలో ఉండవచ్చును. బజారు మూలనున్న రేడియో మెకానిక్కు దుకాణములో ముప్పది, నలుబది ఏండ్ల మరమ్మతులు వ్రాసికొన్న పుస్తకములు ఉండవచ్చును. స్పూలు టేపుమీదనో, క్యాసెట్టుమీదనో ముద్రించిన హరికథ, పెండ్లి పాటలు, ముసలమ్మగారి మంగళహారతి ఉండవచ్చును. ఇవి పాతబడిన వస్తువులని తూకమునకు అమ్మివేయుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను.

చేయవలసినది కష్టము కాదు. రేడియోను, దాని కాగితములను విడదీయక ఒకేచోట ఉంచుడు. టేపులను ఎండకు, తేమకు, స్పీకరు అయస్కాంతమునకు దూరముగా, అంచుమీద నిలబెట్టి ఉంచుడు. ప్రతి టేపు పెట్టెమీద ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరము అని పెన్సిలుతో వ్రాయుడు. నేడు మీకు తెలిసినది మీ మనుమలకు తెలియదు. చెడిన యంత్రములో పాత టేపును వేసి పరీక్షింపకుడు. తెలిసినవారిచేత ప్రతి తీయింపుడు. మీ ఊరి వృద్ధ మెకానిక్కును కూర్చుండబెట్టి ఆయన పని నేర్చిన విధమును చెప్పించి, ఆ మాటలను ముద్రించి ఉంచుడు.

ఆపై చేయవలసినది మన విశ్వవిద్యాలయముల వంతు. ఇంజనీరింగు కళాశాలలు మన రాష్ట్రములలో కొల్లలుగా నున్నవి. పాత యంత్రములను అద్దాల బీరువాలో పెట్టి చూపుటతో తృప్తిపడక, వాటి కాగితములను, వాటితో పనిచేసినవారి మాటలను సేకరించి, వివరపట్టిక వ్రాసి, అడిగినవారికి చూపు ఒక గదిని ప్రతి విశ్వవిద్యాలయమును ఏర్పరచుకొనవచ్చును. అందుకు పెద్ద ధనము కంటె, ఆ పనికై నియోగింపబడిన ఒక మనిషియు, తేమ లేని ఒక గదియు ముఖ్యము. వాల్వు రేడియోలతో పనిచేసిన తరమువారు మనలో ఇంకను కొందరున్నారు. వారిని అడుగదలచినచో ఇప్పుడే అడుగవలెను.